అమ్మ ముడులేసిన దారం

మా కాలేజీ లైబ్రరీలో ‘నిశ్శబ్దం పాటించండి’ అన్న బోర్డు కింద, లైబ్రేరియన్ కుర్చీలో కూర్చునేది నేను. ఆ గదిలో అందరికంటే ఎక్కువ చప్పుడు చేసేదీ నేనే. నా గొంతులోంచి ‘హుక్’ మని ఒక శబ్దం వస్తుంది. కొన్ని రోజులు గంటకొకసారి, కొన్ని రోజులు నిమిషానికి రెండుసార్లు. దాంతోపాటు కుడి భుజం ఒకసారి ఎగురుతుంది. కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారం తలెత్తి చూస్తారు. రెండో వారానికి ఫ్యాను చప్పుడును మరిచిపోయినట్టే నన్నూ మరిచిపోతారు. నలుగురిలో నోరు విప్పడమంటే ఇప్పటికీ నాకు బెదురే కానీ, ఈ శబ్దం విషయంలో మాత్రం ఆదోనిలో ఎవరికీ భయపడను. ఇంత చెప్పే నేను, గంట ప్రయాణం దూరంలో ఉన్న ఎమ్మిగనూరులో మా ఇంటి గడప తొక్కగానే ఆ శబ్దాన్ని మింగేసేదాన్ని. పన్నెండో ఏట మొదలుపెట్టిన ఆ మింగడం మొన్న మొన్నటిదాకా సాగింది. ఎందుకు మింగానో, ఎందుకు మానేశానో రాసుకోవాలనే ఇది మొదలుపెట్టాను.

ఒక గురువారం మధ్యాహ్నం మా వదిన ఫోన్ చేసింది. మా అన్న కూతురు ఇందు, ఎనిమిదేళ్ళ పిల్ల. “సరళా, ఇందు మెడ ఎగరేసేది నేర్చుకునిండాది. కండ్లు కూడా టపటపా కొడతాంది. బళ్ళో టీచరమ్మ నన్ను పిల్చి అడిగింది” అంది వదిన. డాక్టరుకు చూపించారా అన్నాను. “మీ అమ్మ వద్దంటాంది. సరళకు తగ్గల్యాదా, దీనికీ తగ్గుతాదిలే అని దారం తీసింది. నిన్నటి నుంచి ముడులేస్తాంది. ఇందు అన్నం తినేటప్పుడు కూడా మీ అమ్మ చేతుల వైపే సూస్తాంది. నాకేం తోచల్యా.” ఫోన్ పెట్టేశాక నా భుజం మూడుసార్లు ఎగిరింది. దారం అనే ఒక్క మాట విని పదేళ్ళు పైబడిన సాయంత్రాలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి.

మాది నేతగాళ్ళ వీధి. పొద్దున్నే మగ్గానికెక్కే నిలువు నూలు పోగుల పడుగులను వీధి పొడవునా సాచి గంజి పట్టించేవారు. బడికి పోయే పిల్లలం వాటి పక్కనుంచి ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిచేవాళ్ళం. తడిసిన నూలు వాసన, పులిసిన గంజి వాసన, ఎవరింట్లోనో బొరుగుల ఉగ్గానికి వేసిన పోపు వాసన అన్నీ కలిసి ఒకే వాసన అయ్యేవి. ఇప్పుడు ఏ హోటలు ముందు ఉగ్గాని వాసన వచ్చినా వెనకే గంజి వాసన రావాలని నా ముక్కు కాచుకుని ఉంటుంది. ఇంట్లో గుంటమగ్గం మా నాయనది. గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే ఆయన నడుము దాకా భూమిలో పాతుకుపోయిన మనిషిలా ఉండేవాడు. మాటలు చాలా తక్కువ. ఆయన ఇంట్లో ఉన్నాడనడానికి మగ్గం చప్పుడే గుర్తు. మా అవ్వ గోడకు ఆనుకుని రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. నోట్లో ఆకువక్క, చెవి మాత్రం వీధిలో. ఎవరింట్లో ఎవరు గొంతు పెంచినా, “ఆ పోగు తెగిపాయె” అనేది తల తిప్పకుండానే.

నాకు మొదట వచ్చింది కళ్ళు కొట్టుకోవడం. ఏడేళ్ళప్పుడు. కళ్ళ డాక్టరు పరీక్ష చేసి ఏమీ లేదన్నా అమ్మకు నమ్మకం కుదరక, అద్దాల అంగడిలో నంబరు లేని కళ్ళద్దాలు కొనిపెట్టింది. కొన్నాళ్ళకు కళ్ళు ఆగిపోయాయి, అమ్మ అద్దాలకు పసుపు కుంకుమ పెట్టినంత పని చేసింది. ఆ తర్వాత మెడ మొదలైంది. మెడ తగ్గుతుండగా భుజం. పదేళ్ళు వచ్చేసరికి గొంతు. దగ్గు మందు సీసాలు తాగాను, తాయెత్తు కట్టించుకున్నాను, మెడకు నువ్వుల నూనె మర్దనా చేయించుకున్నాను. ఒకటి పోయి ఇంకొకటి వచ్చినప్పుడల్లా అమ్మ ఆ పోయినదాన్ని మందు ఖాతాలోనూ, వచ్చినదాన్ని నా ఖాతాలోనూ వేసేది.

అది ఎలా ఉంటుందని నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ చెబుతాను. తుమ్ము వచ్చే ముందు ముక్కులో ఒక దురద ఉంటుంది కదా, అలాంటిది గొంతులో వచ్చి కూర్చుంటుంది. ‘హుక్’ మంటే పోతుంది. మళ్ళీ వస్తుంది. ఆపుకోవచ్చు, ఆపుకోలేమని నేను అనను. కానీ ఆపుకున్నంత మాత్రాన అది పోదు. మున్సిపాలిటీ కుళాయి ముందు బిందెలు నిలబడ్డట్టు ఒకదాని వెనక ఒకటి నిలబడుతుంది. ఎప్పుడో ఒకప్పుడు అన్ని బిందెలూ నింపాల్సిందే. ఇంకా కొన్ని ఉండేవి. గడప దాటేటప్పుడు ఎడమ చేయి తలుపుకు తగిలితే కుడి చేయీ తగలాలి. లేకుంటే ఒంట్లో ఒక పక్క ఖాళీగా ఉన్నట్టు ఉండేది. వెనక్కి వచ్చి తగిలించి మళ్ళీ పోయేదాన్ని. “దీనికి గడప కూడా రెండుసార్లు దాటాల” అని అవ్వ నవ్వేది. ఎవరైనా “చేయొద్దు” అంటే ఆ క్షణం నుంచి ఇంకా ఎక్కువయ్యేది. మొండితనమని అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

బడిలో లెక్కల సారు “గొంతులో కప్పను మింగినావా” అని నన్ను వరండాలో నిలబెట్టేవాడు. పిల్లలకు అంత కష్టం కూడా అక్కర్లేకపోయింది. నేను గదిలోకి రాగానే వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు, “జరుగప్పా, మగ్గమొచ్చిండాది” అనేవారు. నేతగాళ్ళ పిల్లలు కూడా నవ్వేవారు. నేను ఇంటికి పోయాక జవాబు నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. నా డైరీ అలవాటు అలా మొదలైంది, నోరు విప్పి ఇవ్వలేని జవాబులతో. ఒక పేజీలో ఇలా ఉంది: ‘మగ్గమైతే గుడ్డ నేస్తాది. నీ నోరు ఏం నేస్తాది?’ ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరినీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

దారం దగ్గరికి వస్తాను. మగ్గం మీద ఒక పడుగు అయిపోయాక కొత్త పడుగును పాత పోగులకు అతకాలి. వందల పోగులు. ఆ పని ఆడవాళ్ళది. వేళ్ళకు బూడిద అద్దుకుని, పాత పోగు కొసను కొత్త పోగు కొసతో కలిపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పేనాలి. ముడి వేయకూడదు. ముడి వేస్తే దువ్వెన లాంటి మగ్గం అచ్చు పళ్ళల్లో ఇరుక్కుని పోగు తెగుతుంది. పదకొండేళ్ళకే నాకు ఆ పని బాగా వచ్చింది. అవ్వ, అమ్మ, నేను వరుసగా కూర్చుని అతికేవాళ్ళం. ఒకరోజు అలా అతుకుతుంటే అవ్వ చేయి ఆపి నా వైపు చూసింది. “ఏమే, పొద్దున కూర్చున్యాం. ఇంతసేపటికి దీని గొంతు ఒక్కతూరి కూడా పలకల్యా, సూసినావా?” అంది అమ్మతో. అమ్మ కూడా చేయి ఆపింది. నిజమే. ఆ రెండు మూడు గంటల్లో నాకు ఏదీ రాలేదు. ఆపుకోనూ లేదు, రాలేదంతే. “పోగులు అతికేటప్పుడు లేంది బళ్ళో యాడినుంచి వస్తాది? కావాలనే చేస్తాంది పిల్ల” అంది అవ్వ. మా వీధిలో ఎవరిని అడిగినా ఆ మాటే అనేవారు. చేతిలో పని ఉంటే కుదురుగా ఉన్న మనిషి, పని లేనప్పుడు కుదురుగా లేకపోతే అది తిక్క. పనిని బట్టి మనిషిని కొలిచే ఇళ్ళల్లో ఆ తప్పు చాలా సులభంగా జరుగుతుంది.

ఆ సాయంత్రమే అమ్మ, కోసి పారేసే పడుగు కొసల్లోంచి ఒక తెల్ల దారం తీసింది. దీపం పెట్టినప్పటి నుంచి అన్నాలయ్యేదాకా నేను అమ్మకు ఎదురుగా కూర్చోవాలి. గొంతు పలికినా, భుజం ఎగిరినా ఒక ముడి. రోజుకొక దారం. నిన్నటికంటే ఇవాళ ముడులు తగ్గితే బడి లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం చదువుకోవచ్చు. పెరిగితే పుస్తకం బియ్యం డబ్బా మీదికి పోతుంది. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పొయ్యి మీద రొట్టె తిప్పుతూ, కాలుతున్న జొన్నపిండి వాసన మధ్యలో, చేయి తుడుచుకుని నింపాదిగా ముడి వేసేది. మొదటి రోజు దారంలో ముడి పట్టడానికి చోటు లేదు. నాకు పుస్తకం కావాలి. పుస్తకం లేని సాయంత్రం నాకు అన్నం లేని సాయంత్రం కంటే కష్టం. అందుకని ఆపుకోవడం నేర్చుకున్నాను. పళ్ళు బిగించి, కాలి వేళ్ళు నేలకు నొక్కిపెట్టి, అమ్మ ముందు బొమ్మలా కూర్చుని, ఇంక తట్టుకోలేనప్పుడు “బచ్చలికి పోతాండా” అని లేచేదాన్ని. పెరట్లో స్నానాల గదిని మేము బచ్చలి అంటాం. తలుపు వేసుకుని, బకెట్లోకి కుళాయి తిప్పి, నిలబడిన బిందెలన్నీ అక్కడ నింపేదాన్ని. నేను అక్కడ ఉన్నంతసేపూ ఇవతల మగ్గం ఆగకుండా ఆడుతుండేది. నా గొంతు ఎవరికీ వినపడేది కాదు. అది నా అదృష్టం అనుకునేదాన్ని.

నెల తిరిగేసరికి దారంలో ముడులు పది, తర్వాత ఏడు, తర్వాత రెండు. ఒకరోజు అసలు లేవు. అమ్మ ఆ ముడి లేని దారాన్ని కళ్ళకద్దుకుని దేవుని అలమారలో పెట్టింది. “మా సరళకు దారంతోనే మానిపించినాను” అని వీధంతా చెప్పింది. గోళ్ళు కొరికే పిల్లలకు, వేలు చీకే పిల్లలకు అమ్మ దగ్గర సలహాలు అడిగి పోయేవారు. అమ్మ జీవితంలో ఆమెను ఎవరూ దేనికీ మెచ్చుకోగా నేను చూడలేదు. ఆ ఒక్కదానికి మెచ్చుకున్నారు. నా నోటుపుస్తకంలో మాత్రం వేరే లెక్క ఉంది. ‘అమ్మ దారం: సున్నా. బచ్చలి: లెక్కపెట్టలేదు, బకెట్ నిండి పొర్లింది.’ నేను ఆ మాట పైకి చెప్పలేదు. మొదట పుస్తకం కోసం చెప్పలేదు. తర్వాత అమ్మ ముఖం చూసి చెప్పలేదు. ఆ తర్వాత అలవాటై చెప్పలేదు.

డిగ్రీకి ఆదోని వచ్చాక, హాస్టల్లో ఒకరోజు ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే నా లాంటి పిల్ల ఒకతె వీడియోలో కనిపించింది. భుజం ఎగురుతోంది, గొంతు పలుకుతోంది, మధ్యలో నవ్వుతూ మాట్లాడుతోంది. నేను మంచం మీద లేచి కూర్చున్నాను. ఆ వారమే ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి కర్నూలు పోయి, పెద్దాసుపత్రిలో చీటీ రాయించుకుని వరుసలో నిలబడ్డాను. నాకు దొరికిన డాక్టరమ్మ నడివయసు మనిషి. నేను చెప్పేది మధ్యలో ఆపకుండా విన్నది. వీటిని టిక్స్ అంటారనీ, కదలికలూ శబ్దాలూ రెండూ ఏడాదికి మించి ఉంటే దానికి టూరెట్ అని పేరనీ చెప్పింది. “మెదడులో కదలికలను అదుపు చేసే చోట తేడా. దెయ్యం కాదు, తిక్క కాదు, నీ తప్పూ కాదు, మీ అమ్మ పెంపకం తప్పూ కాదు” అంది. తలుపు సంగతి చెబితే ఆశ్చర్యపోలేదు. సరిసమానంగా అనిపించేదాకా తాకడం, లెక్కపెట్టడం, కుదురు లేకపోవడం, ఇలాంటివి వీటి వెంట తరచుగా వస్తాయట. నేను ఏళ్ళుగా మోస్తున్న ప్రశ్న అడిగాను. పోగులు అతికేటప్పుడు ఎందుకు రాదు? ఆమె నవ్వింది. “మనసంతా వేళ్ళల్లో ఉన్నప్పుడు చాలామందికి తగ్గుతుంది. పాడేటప్పుడు, ఆడేటప్పుడు కూడా. రాకపోవడం వేరు, నువ్వు ఆపడం వేరు. చూసేవాళ్ళకు రెండూ ఒకేలా కనిపిస్తాయి.” చాలామందికి వయసుతో పాటు తగ్గుతాయనీ, కొందరికి ఉండిపోతాయనీ, ఇబ్బంది ఎక్కువైతే దురద వచ్చినప్పుడు వేరే కదలికతో దారి మళ్ళించడం నేర్పుతారనీ, అవసరమైతే మందులూ ఉన్నాయనీ చెప్పింది. “ఎవరికీ ఇబ్బంది లేకపోతే వదిలేయడం కూడా వైద్యమే” అంది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఆ మాటలన్నీ డైరీలో రాసుకున్నాను. ఇంటికి మాత్రం చెప్పలేదు. నాకు పేరు దొరికింది కదా, చాలనుకున్నాను. అది చాలదని తెలియడానికి ఇందు మెడ ఎగరాల్సి వచ్చింది. ఆ పిల్ల ముందు అమ్మ దారం పట్టుకుని కూర్చుందంటే, ఆ దారానికి సాక్ష్యం చెప్పింది నేనే. నా మౌనమే.

ఆదివారం డైరీలన్నీ సంచీలో వేసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఇప్పుడు మా వీధిలో మగ్గాలు సగానికి సగం లేవు, ఉగ్గాని బండ్లు రెండు పెరిగాయి. అవ్వ లేదు. నాయన మగ్గం ఉంది. నేను పోయేసరికి ఆయన గుంటలో కూర్చుని నేస్తున్నాడు. పక్క గదిలో రెండో మగ్గానికి అమ్మ, ఇందు పడుగు అతుకుతున్నారు. ఇందు వేళ్ళకు బూడిద. మెడ కదలడం లేదు, కళ్ళు నిలకడగా ఉన్నాయి. గోడకు కొట్టిన మేకుకు నాలుగు తెల్లదారాలు వేలాడుతున్నాయి, ముడులు ముడులుగా.

“సూడు సరళా” అంది అమ్మ నన్ను చూడగానే. “పొద్దున్నుంచి ఈడనే కూర్చునిండాది. ఒక్కతూరి మెడ ఎగరేసిందా? అతికేటప్పుడు లేంది బళ్ళో యాడినుంచి వస్తాది?”

అవ్వ మాట. అదే మాట, అవే పోగుల దగ్గర. ఇందు తల ఇంకా కిందికి వంచుకుంది. నేను సంచీ దించి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. బూడిదలో వేళ్ళు ముంచబోయి ఆగాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాలి వేళ్ళు నేలకు నొక్కడం మానేశాను. అంతే. నా గొంతు పలికింది. భుజం ఎగిరింది. మళ్ళీ పలికింది.

అమ్మ నా ముఖం వైపు చూసింది. “ఏమైందే? జలుబా?”

“కాదమ్మా. నాకు పోలేదు.”

“ఏం పోలేదు?”

“దారంతో మానిపించినావే, అది. ఒక్కరోజు కూడా పోలేదు. నీ ముందర ఆపి, బచ్చలిలోకి పోయి చేసేదాన్ని.”

“అబద్ధాలు సెప్పొద్దు. అన్నేండ్లు కండ్లల్లో ఒత్తులేసుకుని సూసినా నేను.”

“నువ్వు సూసేటప్పుడే ఆపినాను కదా.”

అమ్మ ముఖం ఎర్రబడింది. “మరి అప్పుడే సెప్పేకేం? నోట్లో ఏం పెట్టుకున్యావు?”

“సెప్తే పుస్తకం ఇచ్చేదానివా?”

పక్క గదిలో మగ్గం ఆగింది. ఇంట్లో ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దం వచ్చిందంటే, వదిన వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి గుమ్మంలో నిలబడింది. నాయన గుంటలోంచే మాట్లాడాడు. మాకు మనిషి కనిపించలేదు, గొంతు మాత్రం వచ్చింది.

“పిల్ల సెప్పేది నిజమే. మగ్గం ఆపితే బచ్చలిలోంచి ఇనపడేది. అందుకే అది వచ్చేదాకా నేను ఆపేవాణ్ణి కాదు.”

అమ్మ గోడ వైపు తిరిగి, “నీకు తెలిసీ నాకు సెప్పల్యా?” అంది. నా అదృష్టం అనుకున్నది నాయన. ఆ సాయంత్రాలన్నీ ఆయన చేతులు నొప్పెట్టేదాకా నా మీద చప్పుడు కప్పాడు. నాకు ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే ముందు బయటికి వచ్చింది.

“అప్పుడు కప్పినావు, సరే నాయనా. ఈ పిల్లకు కప్పొద్దు. దీనికి వచ్చేది అందరూ ఇననీ.”

నా జీవితంలో ఇంట్లో నేను గొంతు పెంచడం అదే మొదలు. మెల్లగా డాక్టరమ్మ చెప్పినవన్నీ చెప్పాను. రాకపోవడానికీ ఆపడానికీ తేడా చెప్పాను. ఇందును కర్నూలు తీసుకుపోదామని వదినతో అన్నాను, ఆమె అప్పుడే తలూపింది. మేకుకు ఉన్న దారాలు తీసి అమ్మ ముందు పెట్టాను. “ముడేస్తే అచ్చులో ఇరుక్కుంటాదని నాకు నేర్పింది నువ్వే కదమ్మా” అన్నాను. అమ్మ ఒప్పుకుందని నేను రాయలేను. “నేనేమన్నా పగదాన్నా?” అని మాత్రం అంది. అంతలో నా పక్కన ఇందు, బూడిద వేళ్ళు పైకెత్తి, మెడ ఎగరేసింది. ఒకటి, రెండు, మూడు. నా వైపు చూసి, “అత్తా, నీకూ కుళాయి కాడ వరస మాదిరి ఉంటాదా?” అంది. నేను ఎవరికీ చెప్పని పోలిక అది, నా డైరీ దాటి బయటికి పోనిది. ఉంటుందన్నాను. అమ్మ చేయి అలవాటుగా దారం వైపు పోయింది. దారాన్ని పట్టుకుంది. ముడి వేయలేదు. డైరీలు సంచీలోనే ఉండిపోయాయి.

సాయంత్రం నన్ను బస్సెక్కించడానికి అమ్మ బస్టాండుకు వచ్చింది. ఆదోని బస్సు కోసం జనం గుంపుగా నిలబడి ఉన్నారు, పత్తి పనులకు పోయి తిరిగి వచ్చేవాళ్ళు, సంచుల మీద కూర్చున్న ఆడవాళ్ళు. నేను పళ్ళు బిగించడం అమ్మ చూసింది.

“ఇప్పుడొస్తాందా?”

“వస్తాంది.”

“రానీ.”

నా గొంతు పలికింది, ఇంట్లో పలికినదానికంటే గట్టిగా. భుజం ఎగిరింది. చుట్టూ ఉన్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు తిరిగి నన్ను చూశారు. మా అమ్మ కొంగు నడుముకు దోపుకుని వాళ్ళ వైపు తిరిగి, వాళ్ళు తలలు దించుకునేదాకా అలాగే చూస్తూ నిలబడింది.